నాలుగు స్తంభములపై ఒక కప్పు - మడత గుడారపు బండిలోని యంత్రశాస్త్రము

ముక్కాలిపీటను ఎగుడుదిగుడు నేలపై ఎక్కడ వేసినను ఊగదు. నాలుగు కాళ్ళ బల్లను వేసినచో తరచుగా ఊగును. ఏదో ఒక కాలి క్రింద కాగితపు మడత పెట్టినగాని కుదురుకొనదు. దీనికి కారణము రేఖాగణితములోనే ఉన్నది. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండా ఎల్లప్పుడును ఒక సమతలము పోవును. నాలుగవ బిందువు కూడ ఆ తలముపైననే ఉండవలెనను నియమమేమియు లేదు. తరగతిలో ఒక్క నిమిషములో చెప్పి ముందుకు సాగిపోవు ఈ చిన్న సంగతి, విహారయాత్రలకు వాడు ఒక రకపు బండిలో మనుష్యుల తలలమీద నిలిచియున్నది. దానిని మరచినవారి బండి పైకప్పు వంకరపోవును. కొన్ని వేళల చేతులపై కూలును. ఆ బండిని గూర్చియు, దాని మరమ్మతును గూర్చియు ఈ వ్యాసములో తెలిసికొందము.

మడత గుడారపు బండి

అమెరికాలో కుటుంబములు సెలవు దినములలో అడవులకును, జాతీయవనములకును పోయి గుడారములు వేసికొని గడపుట పరిపాటి. దీనికై వాడు బండ్లలో ఒక దానికి పాప్-అప్ క్యాంపర్ అని పేరు. మనము దానిని మడతబండి అందము. దారిలో ఇది కారు వెనుక తగిలించిన ఒక పొట్టి పెట్టె మాత్రమే. ఎత్తు తక్కువ కనుక గాలి అడ్డుకొనుట తక్కువ. కారు సులభముగా లాగుకొనిపోవును. విడిదికి చేరిన పిమ్మట ఒక పిడిని త్రిప్పినచో పెట్టె మూత వంటి పైకప్పు నాలుగు మూలల స్తంభములపై నిలువునా లేచును. ప్రక్కలనుండి పడకలను బయటికి లాగుదురు. చుట్టును గుడ్డగోడలు నిలుచును. పెట్టె చిన్న ఇల్లగును.

ఇట్టి బండ్ల పరిశ్రమకు ఇండియానా రాష్ట్రములోని ఎల్క్‌హార్ట్ ప్రాంతము ప్రసిద్ధి. ఆ ప్రాంతములోని మిడిల్‌బరీ అను ఊరిలో 1968లో జేకో సంస్థను స్థాపించిన లాయిడ్ బోంట్రేగర్, పైకప్పును ఎత్తు యంత్రాంగమును స్వయముగా రూపొందించినవాడు. పలు సంస్థలు ఇట్టి బండ్లను తయారుచేసినవి. వానిలో కొన్ని ఇప్పుడు లేవు. బండ్లు మాత్రము నడచుచునే ఉన్నవి. అందుచే పాతబండిని కొన్నవాడు దానిని తానే బాగుచేసికొనవలసి వచ్చుట సాధారణము. భౌతికశాస్త్రము తెలిసినవానికి ఈ పని సులభము, తెలియనివానికి అపాయకరము.

కప్పు ఎట్లు లేచును?

ఈ యంత్రాంగములు ముఖ్యముగా రెండు రకములు. మొదటి దానిలో త్రాళ్ళు లాగును. రెండవ దానిలో స్ప్రింగులు నెట్టును.

మొదటి రకమును చూడుడు. బండి ముందు భాగమున పిడి గల వించ్ ఉన్నది. వించ్ అనగా త్రాడును చుట్టుకొను డోలును, దానిని త్రిప్పు పళ్ళచక్రములును. డోలుకు చుట్టుకొను ఉక్కుత్రాడు బండి నేల క్రింద ఒక కమ్మిని లాగును. ఆ కమ్మికి నాలుగు ఉక్కుత్రాళ్ళు తగిలింపబడి, ఒక్కొక్కటి ఒక్కొక్క మూలకు పోవును. గుఱ్ఱపు బండిలో లాగుడును పంచు అడ్డకఱ్ఱకు ఆంగ్లములో విఫిల్‌ట్రీ అని పేరు. ఈ కమ్మికి కూడ ఆ పేరే పెట్టినారు. కమ్మి ఎంత దూరము జరిగిన నాలుగు త్రాళ్ళును అంత దూరమే జరుగును.

మూలలోని స్తంభము ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టములతో చేయబడినది. సులభముగా బోధపడుటకు రెండే గొట్టములున్నవనుకొందము. త్రాడు బయటి గొట్టపు పై అంచున గల కప్పీమీదుగా తిరిగి, లోపలి గొట్టపు అడుగునకు కట్టబడియుండును. త్రాడును లాగినచో లోపలి గొట్టము పైకి వచ్చును. బావి గిలకమీది చేదత్రాడును లాగిన బొక్కెన లేచుటయు ఇట్టిదే.

రెండవ రకము మరింత వింతైనది. త్రాడు లాగగలదు గాని నెట్టలేదు, నెట్టినచో ముడుచుకొనిపోవును. కాని దగ్గర దగ్గరగా చుట్టిన గట్టి స్ప్రింగును బిగువైన గొట్టములో ఉంచి ఒక కొనను నెట్టినచో, ప్రక్కలకు వంగుటకు చోటులేక అది రెండవ కొనను నెట్టును. గొట్టము వంపు తిరిగినను స్ప్రింగు దానితోపాటు తిరిగి పోవును. సైకిలు బ్రేకు తీగపైనున్న తొడుగును విప్పి చూచిన అదియు దగ్గరగా చుట్టిన ఉక్కు చుట్టయే; ఆ తొడుగు కూడ ఒత్తిడిని ఓర్చుకొనుటకే ఉన్నది. కోల్మన్ పేరుతో అమ్ముడైన మడతబండ్లలో ఈ నెట్టు స్ప్రింగులే కప్పును లేపును.

బలమెంత? పని ఎంత?

కప్పు బరువు 160 కిలోగ్రాములనియు, అది 120 సెంటీమీటర్లు లేవవలెననియు అనుకొందము. ఒక మనిషి ఒంటిచేతితో దీనినెట్లు ఎత్తగలుగుచున్నాడు?

పిడి పొడవు 20 సెంటీమీటర్లు. డోలు వ్యాసార్ధము 2.5 సెంటీమీటర్లు. ఈ రెంటి నిష్పత్తి 8. పళ్ళచక్రముల వలన పిడి 4 మార్లు తిరిగిన డోలు ఒకమారు తిరుగుననుకొనిన, మొత్తము యాంత్రిక లాభము 8 × 4 = 32. కావున 160 కిలోగ్రాముల భారమునకు చేతి బలము 160 ÷ 32 = 5 కిలోగ్రాముల భారము చాలును. ఘర్షణ ఉండుటచే వాస్తవముగా అంతకంటె ఎక్కువే పట్టును.

ఈ లాభము ఉచితముగా వచ్చినది కాదు. డోలు ఒక చుట్టుకు సుమారు 15.7 సెంటీమీటర్ల త్రాడును లాగును. 120 సెంటీమీటర్లకు డోలు సుమారు 7.6 చుట్లును, పిడి సుమారు 30.6 చుట్లును తిరుగవలెను. పిడి కొన ఒక చుట్టులో సుమారు 125.7 సెంటీమీటర్లు నడచును. అనగా చేయి మొత్తము 38 మీటర్లకు పైగా నడచినది; కప్పు 1.2 మీటర్లే లేచినది. 5 కిలోగ్రాములను 38.4 మీటర్లతో గుణించిన 192. 160 కిలోగ్రాములను 1.2 మీటర్లతో గుణించినను 192. బలములో మిగిలినదంతయు దూరములో చెల్లించితిమి.

లేచిన కప్పులో ఆ పని అంతయు స్థితిశక్తి రూపమున నిలిచియున్నది. జౌళ్ళలో చెప్పిన అది సుమారు 1,880. త్రాడు తెగిన మరుక్షణము ఈ శక్తి క్రిందనున్నవారిపై బయటపడును. మరమ్మతు చేయువాడు మొదట జ్ఞాపకముంచుకొనవలసిన సంఖ్య ఇదియే.

టికటికమను శబ్దము

పిడిని విడిచిపెట్టినను కప్పు జారిపోకుండుటకు మంచి వించ్‌లలో తనంతట తానే పట్టుకొను బ్రేకు ఉన్నది. పళ్ళు గల ఒక చక్రమును, వెనుకకు తిరుగనీయని ఒక నాలుకను, రాపిడి బిళ్ళలను, మరలు గల ఇరుసును కలిపి దీనిని చేసినారు. కప్పును లేపునప్పుడు నాలుక ఒక్కొక్క పంటిని దాటుచు టికటికమనును. పిడిని వదలినచో కప్పు బరువే మరను బిగించి బిళ్ళలను అదిమిపట్టును. పళ్ళచక్రమును నాలుక ఆపును. బరువు హెచ్చినకొలది పట్టు హెచ్చుట దీని సొగసు. కప్పును దించుటకు పిడిని వెనుకకు త్రిప్పినచో మర కొంచెము సడలి, కప్పు కొంచెము దిగి, వెంటనే మరల బిగియును. అప్పుడు పళ్ళచక్రము కదలదు గనుక శబ్దముండదు.

కావున చెవితోనే పరీక్ష చేయవచ్చును. లేపునప్పుడు టికటికమని, దించునప్పుడు నిశ్శబ్దముగా ఉండవలెను. ఇది తారుమారైనచో త్రాడు డోలుపై తలక్రిందులుగా చుట్టబడినదన్నమాట. అట్టి స్థితిలో బ్రేకు పనిచేయదు. శబ్దము వినరాకుండుటకై కొందరు బిళ్ళలకు నూనె వేయుదురు. అది పెద్ద పొరపాటు. ఆ బిళ్ళలు రాపిడివలననే పట్టుకొనుచున్నవి. నూనె వేసినచో పట్టు పోవును.

మరియొక సంగతి. బ్రేకు ఎంత మంచిదైనను వించ్‌ను మాత్రమే ఆపగలదు. వించ్‌కును కప్పునకును నడుమ త్రాడు తెగినచో బ్రేకు వలన ప్రయోజనము లేదు.

నాలుగు మూలల లెక్క

ఇక మొదట చెప్పుకొన్న బల్లను జ్ఞప్తికి తెచ్చుకొందము. ఊగు బల్లపై చేయి ఆనించినప్పుడు బరువంతయు ఎదురెదురు మూలల రెండు కాళ్ళపై పడును. మూడవది తేలికగా నేలను తాకును, నాలుగవది గాలిలో ఉండును. మడతబండి కప్పు కూడ ఇట్టిదే.

కప్పు మూలలకు వరుసగా క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టుదము. క మూలకు కర్ణము వెంబడి ఎదురుగా ఉన్నది గ. ఖ మూలకు ఎదురుగా ఉన్నది ఘ. బరువు సమముగా పంచబడినచో ఒక్కొక్క మూలకు 40 కిలోగ్రాములు. ఇప్పుడు క మూల త్రాడును ఎక్కువగా బిగించితిమనుకొనుడు. క పై భారము పెరుగును. అంతమాత్రమే కాదు, ఎవరును ముట్టని గ పై కూడ పెరుగును. ఖ, ఘ మూలలు తేలికపడును. బిగింపు మితిమీరినచో మొత్తము 160 కిలోగ్రాములును క, గ మూలలే మోయును; ఒక్కొక్కదానిపై 80. కప్పు చూచుటకు నిటారుగనే ఉండవచ్చును. కాని రెండు త్రాళ్ళు తమ వంతునకు రెట్టింపు మోయుచున్నవి. కప్పును సమము చేయుట అందము కొఱకు కాదు, భారమును సమముగా పంచుటకు. ఈ వ్యాసములో ముఖ్యమైన మాట ఇదియే.

కొలుచుటకు ఒక చక్కని సూత్రము కలదు. నాలుగు మూలలవద్ద బండి అంచునుండి కప్పు అంచు వరకు ఎత్తు కొలిచి వ్రాసికొనవలెను. దీర్ఘచతురస్రాకారపు కప్పు ఒకే తలములో ఉన్నచో కర్ణముల వెంబడి ఎదురు మూలల ఎత్తుల మొత్తములు సమానముగా ఉండును; అనగా క + గ = ఖ + ఘ.

ఉదాహరణకు, ఎత్తులు వరుసగా 118, 118, 116, 116 సెంటీమీటర్లైనచో 118 + 116 = 234; 118 + 116 = 234. కప్పు ఒక ప్రక్కకు వాలినది గాని మెలిపడలేదు. ఎత్తులు 118, 118, 116, 118 అయినచో 118 + 116 = 234; 118 + 118 = 236. ఇచ్చట కప్పు మెలిపడినది. వాలుటకంటె మెలిపడుట ఎక్కువ చెరుపు. కప్పు అతుకులు విడును, స్తంభములు బిగిసికొనిపోవును, నీరు కారును.

కప్పు చాల గట్టిదైనచో మెలిపడక నిలిచి, కొలతలు సరిపోయినట్లే చూపి, ఒక త్రాడును వదులుగా విడిచిపెట్టవచ్చును. అందుచే కప్పుకు పోట్లు పెట్టకముందే నాలుగు త్రాళ్ళను ప్రక్కకు ఒక పుల్లతో నొక్కి బిగువును పోల్చి చూడవలెను. ఈ పని బండి ప్రక్కనుండియే చేయవలెను గాని కప్పు క్రిందికి దూరి చేయకూడదు.

త్రాడు సాగుటయే కారణమా?

మూల దిగినదనగానే త్రాడు సాగినదనుట వాడుక. హుక్ సూత్రముతో ఈ మాటను పరీక్షింతము. త్రాడులో ఉక్కు భాగపు అడ్డుకోత 5 చదరపు మిల్లీమీటర్లు, పొడవు 5 మీటర్లు, భారము 40 కిలోగ్రాములు, అనగా సుమారు 392 న్యూటన్లు అనుకొందము. మెలిపెట్టిన తీగల త్రాడు గట్టి కడ్డీ కంటె ఎక్కువ సాగును గనుక దాని స్థితిస్థాపక గుణకమును కడ్డీదానిలో సగముగా, చదరపు మిల్లీమీటరుకు 1,00,000 న్యూటన్లుగా తీసికొందము. సాగుడు = (392 × 5,000) ÷ (5 × 1,00,000), అనగా సుమారు 4 మిల్లీమీటర్లు. దగ్గరి మూలకు పోవు 3 మీటర్ల త్రాడు సుమారు 2.4 మిల్లీమీటర్లు సాగును. తేడా 2 మిల్లీమీటర్లకు లోపే.

కావున ఒక మూల 2 సెంటీమీటర్లు దిగినచో ఈ సాగుడు కారణము కానేరదు. క్రొత్త త్రాడులో తీగలు ఒకదానిపై ఒకటి సర్దుకొని శాశ్వతముగా పొడవు పెరిగియుండవచ్చును, త్రాడు కొసను పట్టియుంచిన బిగింపు జారియుండవచ్చును, కప్పీ అరిగియుండవచ్చును, గొట్టము వంగియుండవచ్చును. చిన్న లెక్క వేసికొన్నవాడు తప్పుడు కారణమును నమ్మి ఊరక నట్టును బిగింపడు.

లోపమును గుర్తించుట

కప్పును నెమ్మదిగా లేపుచు నాలుగు మూలలను గమనించినచో లోపము తానే చెప్పుకొనును.

ఒక మూల మొదటినుండి చివరివరకు ఒకే కొలత తక్కువగా ఉన్నచో ఆ త్రాడు పొడవు పెరిగినది.

ఒక మూల ఆగి ఆగి, కుదుపుతో లేచుచున్నచో ఆ స్తంభములో ఘర్షణ హెచ్చినది. దుమ్ముగాని, త్రుప్పుగాని, వంపుగాని ఉన్నది. ఇచ్చట త్రాడు బిగించిన ప్రయోజనము లేదు సరికదా, త్రాడు తెగును.

ఒక ప్రక్కనున్న రెండు మూలలును కలిసి తక్కువైనచో ఆ రెంటికి ఉమ్మడిగా ఉన్నదానిని చూడవలెను. నేలక్రింది కమ్మి ఒరిగియుండవచ్చును. గుడ్డగోడ ఎక్కడో చిక్కియుండవచ్చును.

నాలుగు మూలలును సమముగా తక్కువైనచో వించ్ త్రాడును చూడవలెను. ఏది ఏమైనను, తయారీదారు చెప్పిన ఎత్తును దాటించి పిడిని బలవంతముగా త్రిప్పకూడదు. స్తంభము చివరికి వచ్చిన పిమ్మట త్రిప్పినచో ఆ 32 రెట్ల యాంత్రిక లాభము త్రాడును తెంపుటకే ఉపయోగపడును.

మరమ్మతు వరుస

ముందుగా బండిని సమతలమున నిలిపి చక్రములకు అడ్డులు పెట్టవలెను. నేల సమముగా ఉన్నదో లేదో మన మేస్త్రీలు వాడు నీటిగొట్టముతోనే చూడవచ్చును. పారదర్శకమైన గొట్టములో బుడగలు లేకుండ నీరు నింపి రెండు కొనలను రెండు మూలలవద్ద పట్టినచో, నీటిమట్టములు ఒకే ఎత్తున నిలుచును. బండి మూలలలో ఉండు సన్నని ఆనుకాళ్ళు ఊగుడు ఆపుటకే గాని బండిని ఎత్తుటకు కావు. బండి ఒరిగియున్నప్పుడు కప్పును సరిచేయబూనుట, వంకర గోడకు తూకము చూచి మేకు కొట్టుట వంటిది.

పిదప కప్పును లేపి, సమానమైన పొడవుగల నాలుగు గట్టి కఱ్ఱలను మూలలవద్ద పోటు పెట్టి, కప్పు వానిపై ఆనునట్లు వించ్‌ను కొంచెము సడలించవలెను. అటుపిమ్మటనే త్రాళ్ళను ముట్టవలెను. పోట్లు లేని కప్పు క్రిందికి ఎవరును, ఒక్క నిమిషమునకైనను, పోరాదు.

త్రాళ్ళను పరీక్షించునప్పుడు వట్టిచేతితో నిమురకూడదు. దూదిని గాని పాతగుడ్డను గాని త్రాడు వెంబడి నడిపినచో తెగిన సన్నని తీగలు దానిని పట్టుకొనును. తీగలు తెగిన త్రాడును, త్రుప్పుపట్టినదానిని, మడతపడినదానిని మార్చవలెనే గాని ముడివేసి వాడరాదు. లావైన త్రాడు వేసిన మేలనుకొనుట భ్రమ. చిన్న కప్పీపై లావు త్రాడు వంగునప్పుడు దాని తీగలలో ఒత్తిడి హెచ్చి అలసి తెగును. మునుపటి లావు త్రాడే సరియైనది.

పోట్లపై ఉండగానే నట్టును సవరింపవలెను. మర ఒక చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు నడచుననుకొనిన 12 మిల్లీమీటర్లకు 8 చుట్లు కావలెను. కాని ఒక్కసారి 8 చుట్లు త్రిప్పరాదు. ఒక మూలను మార్చిన నాలుగింటి భారము మారునని ముందే చూచితిమి. సగము బిగించి, పోట్లు తీసి, కప్పును పూర్తిగా దించి మరల లేపి, నాలుగు ఎత్తులను కొలువవలెను. తరువాత మరల పోట్లు పెట్టి మిగిలిన సగమును సవరింపవలెను. నెట్టు స్ప్రింగుల బండ్లలో ఇట్టి నట్టు సవరణ సాధారణముగా ఉండదు. తక్కువైన మూలలో స్ప్రింగు కొనకు తగిన మందముగల లోహపు ముక్కను చేర్చి ఎత్తు సరిచేయుదురు.

గొట్టములకు చిక్కని గ్రీజు పూసిన దుమ్ము అంటుకొని మొదటికంటె చెడును. తుడిచి, పొడిగా ఆరు సిలికోను వంటి కందెనను పలుచగా వాడుట మేలు. నెట్టు స్ప్రింగులకు తయారీదారు చెప్పినదే వాడవలెను.

కప్పు నడుమ పల్లము పడియున్నదేమో కూడ చూడవలెను. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల కప్పుపై ఒక్క సెంటీమీటరు నీరు నిలిచినచో అది 60 లీటర్లు, అనగా 60 కిలోగ్రాములు. ఏ త్రాడు లెక్కలోను చేరని బరువు ఇది. అందుచే వాన కురియునప్పుడు నీరు జారునట్లు కప్పును ఒక ప్రక్కకు స్వల్పముగా వాల్చుట మంచిది. వాల్చుట తప్పు కాదు, మెలిపెట్టుట తప్పు.

తరగతిలో చేసి చూడుడు

ఈ బండి మన పాఠశాలలలో ఉండదు. కాని దాని పాఠము నాలుగు స్ప్రింగు త్రాసులతో చేయవచ్చును. వంగని ఒక చదునైన పలకను తీసికొని నాలుగు మూలలకు దారములు కట్టి, నాలుగు త్రాసులనుండి సమానముగా వ్రేలాడదీయవలెను. నాలుగు త్రాసులును ఇంచుమించు ఒకే బరువు చూపును. ఇప్పుడు ఒక దారమును ఒక సెంటీమీటరు కురచ చేయుడు. ఆ త్రాసు ముల్లు పెరుగును. కర్ణము వెంబడి ఎదుటి త్రాసు ముల్లు కూడ పెరుగును. తక్కిన రెండును తగ్గును. నాలుగింటి మొత్తము మాత్రము మారదు. మూడు త్రాసులతో, మూడు మూలల పలకతో ఇదే పని చేసినచో ఏమగునో ముందుగా ఊహించి వ్రాసి, పిదప చేసి చూడవలసినదిగా విద్యార్థులను కోరవచ్చును.

ఒక్క మూలను బిగించునప్పుడు తక్కిన మూడు మూలలను మరువకుండుట, భారము దేనిపై పడినదో కంటితో గాక కొలతతో తెలిసికొనుట, శక్తి నిలిచియున్న వస్తువు క్రిందికి పోటు లేనిదే పోకుండుట - ఈ మూడు మడతబండికే పరిమితము కావు. ఇల్లు కట్టు మేస్త్రీకిని, యంత్రశాలలోని పనివానికిని, ఎత్తిన ట్రాక్టరు ట్రాలీ క్రిందికి దూరు రైతునకును ఇవి ప్రాణము కాపాడు నియమములే.